అప్‌డేట్: ట్యాబ్ మారకుండా మాటకు అర్థం, ఇప్పుడు ఇలా చూస్తున్నా

ఇంగ్లిష్ వ్యాసాలు చదివేటప్పుడు తెలియని మాట వస్తే, కొత్త ట్యాబ్ తెరవకుండా అర్థం చూసే దారి ఉందా అని అడిగాను కదా. మీరు చెప్పిన గూగుల్ డిక్షనరీ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) క్రోమ్‌లో పెట్టుకున్నా. మాట మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, అక్కడే చిన్న డబ్బాలో అర్థం వస్తోంది. కాకపోతే కాపీ చేద్దామని డబుల్ క్లిక్ చేసినా ఆ డబ్బా ఊడిపడేది, మహా విసుగు! ఆప్షన్స్‌లో కంట్రోల్ కీ నొక్కి పట్టుకుంటేనే రావాలని మార్చాక ఆ గోల వదిలింది. అంతకుముందే తెరిచి ఉన్న పేజీలను ఒకసారి రీఫ్రెష్ చేయాలి. క్రోమ్‌లో తెరిచే పీడీఎఫ్‌లలో మాత్రం ఇది పనిచేయదు. అక్కడ మాటను సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో గూగుల్‌లో వెతుక్కుంటున్నా. అదొక్కటే ఇంకా చిరాకు. దానికీ ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి.