అర్థం మారిన పాత ఇంగ్లీషు మాటలు: మూలంలో మార్చాలా, టీకలో చెప్పాలా?

గోదావరి పాఠకుడు (చర్చ ప్రారంభం):

పాత ఇంగ్లీషు గ్రంథాలను నేటివారి కోసం మళ్ళీ అచ్చువేసేటప్పుడు, అర్థం మారిపోయిన మాటలను తీసి నేటి మాటలు పెట్టాలని నా అభిప్రాయం. వాడుక తప్పిన మాటల సంగతి వేరు. హామ్లెట్‌లో 'ఫార్డెల్' అన్న మాట ఎదురైతే అది మనకు రాదని వెంటనే తెలుస్తుంది, నిఘంటువు తీసి మూట అని తెలుసుకుంటాము. చిక్కంతా ఇప్పటికీ వాడుకలో ఉండి, అర్థం మాత్రం మారిన మాటలతోనే వస్తుంది. అవి తెలిసినట్టే ఉంటాయి గనుక నిఘంటువు చూడాలన్న ఆలోచనే పుట్టదు.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలునే చూడండి. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు మొక్కలను, పండ్ల చెట్లను మనుషులకు 'మీట్'గా ఇచ్చానంటాడు. ఆ మాటకు అక్కడ ఆహారమనే అర్థం, మాంసంతో సంబంధం లేదు. చిన్నపిల్లలను నా యొద్దకు రానివ్వండని యేసు చెప్పిన చోట ఉన్న క్రియ 'సఫర్', అక్కడ దానికి అనుమతించడమని అర్థం, నేటిలా బాధపడటం కాదు. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలో 'లెట్' అంటే అడ్డగించడం. మన పాస్‌పోర్టు తెరిచినా, దీని హోదాదారుని 'లెట్' గానీ ఆటంకం గానీ లేకుండా పోనివ్వాలని రాష్ట్రపతి పేరిట కోరిన వాక్యంలో ఆ పాత అర్థమే ఉంది. ఇక 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో, ప్రభువా, మా పనులన్నిటిలో మమ్మల్ని 'ప్రివెంట్' చేయుము అని ఒక ప్రార్థన ఉంది. మాకు ముందుగా నడువుము అని భక్తుడు వేడుకుంటున్నాడు, లాటిన్ మూలంలో ముందు రావడమే ఆ మాటకు అర్థం. నేడు వినేవారికి మాత్రం, మమ్మల్ని ఏ పనీ చేయనివ్వకుమని అడుగుతున్నట్టు తోస్తుంది.

కావ్యప్రియ:

గోదావరి పాఠకుడు గారూ, మీరు చూపిన ఉదాహరణలన్నీ నిజమే, కానీ వాటి నుండి మీరు తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించలేను. మన ప్రాచీన కావ్యాలలో 'కంపు' అంటే పరిమళమని మీకూ తెలుసు. పువ్వుల కంపు అని కవి వ్రాస్తే, నేటి పాఠకుడు ముక్కు మూసుకుంటాడన్న భయంతో పద్యంలోని మాటను ఎవరూ మార్చలేదు. పద్యాన్ని పద్యంగానే ఉంచి, కింద ప్రతిపదార్థం, తాత్పర్యం వ్రాసుకున్నాము. ఆ పద్ధతి వల్లనే ఒక మాట అర్థం ఎటు నుండి ఎటు జారిందో మనకు తెలుస్తూ వచ్చింది.

పైగా పాత మాటల్లో నేటి ఇంగ్లీషు పూర్తిగా పోగొట్టుకున్న సంపద ఉంది. 'దౌ', 'యు' అన్న సర్వనామాలు ఆనాడు మన నువ్వు, మీరు వంటివే. షేక్స్‌పియర్ ట్వెల్ఫ్త్ నైట్ నాటకంలో సర్ టోబీ, ప్రత్యర్థికి సవాలు లేఖ వ్రాయబోతున్న సర్ ఆండ్రూకు, వాణ్ణి ముమ్మారు 'దౌ' అని సంబోధించినా తప్పులేదని సలహా ఇస్తాడు. 1603లో వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు, అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయనను నిండు సభలో 'దౌ' అని ఏకవచనంతో పిలిచి, అలా పిలుస్తున్నానని నొక్కి మరీ చెప్పాడు. నిన్నటి దాకా మీరు అన్న నోటితో నువ్వు అంటే ఎంత గుచ్చుకుంటుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఈ రెండు చోట్లా 'యు' అని సవరించి అచ్చువేస్తే అక్కడ మిగిలేది ఏమిటి?

ఒక న్యాయవాది:

చట్టాల విషయంలో ఈ ప్రశ్నకే తావు లేదు. 1787లో రూపొందిన అమెరికా రాజ్యాంగం నాలుగవ అధికరణం రాష్ట్రాలను 'డొమెస్టిక్ వయొలెన్స్' నుండి కాపాడాలంటుంది. నేడు ఆ మాటకు గృహహింస అని అర్థం, అక్కడ మాత్రం దేశం లోపల చెలరేగే తిరుగుబాట్లని అర్థం. అటువంటి చోట మాటను మార్చడమంటే చట్టాన్ని సవరించడమే అవుతుంది. దానికి వేరే పద్ధతి ఉంది.

గోదావరి పాఠకుడు:

చట్టం గురించి, నాటకం గురించి మీరిద్దరూ చెప్పినది అంగీకరిస్తున్నాను. అయితే నా ఆవేదన చెవితో వినే గ్రంథాల గురించి. కింగ్ జేమ్స్ బైబిలు ముఖపత్రం మీదనే, చర్చిలలో చదవడానికి నియమించబడినదని ముద్రించారు. చదివి వినిపించే వాక్యానికి టీక ఎక్కడ పెడతారు? కావ్యం ముందు కూర్చున్న విద్యార్థికి గురువు ఉంటాడు, పుస్తకంలో తాత్పర్యం ఉంటుంది. వెనుక వరుసలో కూర్చుని వినే వృద్ధురాలికి ఆ ఒక్క వాక్యమే ఉంటుంది, అది ఆమెకు తలకిందులుగా అందితే ఆ లోపం ఆమెది కాదు. 1952లో పూర్తయిన రివైజ్డ్ స్టాండర్డ్ వర్షన్ అనే ఇంగ్లీషు బైబిలు సంపాదకులు, అర్థం గణనీయంగా మారిన ఇటువంటి మాటలు పాత అనువాదంలో 300కు పైగా ఉన్నాయని తమ ముందుమాటలో వ్రాశారు. అన్ని మాటలు దారి తప్పించే గ్రంథాన్ని యథాతథంగా చదివి వినిపించడం వినేవారి పట్ల న్యాయం కాదని గట్టిగా నమ్ముతున్నాను.

కావ్యప్రియ:

వినేవారి గురించి మీరు అన్నది నన్ను ఆలోచింపజేసింది. 'ప్రివెంట్', 'లెట్' వంటి మాటలను ఆ సందర్భంలో మార్చడానికి ఇక నాకు అభ్యంతరం లేదు. కానీ మార్పు మొదలుపెట్టినవారు అక్కడితో ఆగరు. 1982లో పూర్తయిన న్యూ కింగ్ జేమ్స్ వర్షన్‌లో ఆ రెండింటినీ సరిచేశారు, దానితో పాటు 'దౌ', 'యీ' సర్వనామాలను కూడా తీసేసి అన్నిచోట్లా 'యు' చేశారు. కింగ్ జేమ్స్ అనువాదంలో వాటికి మర్యాదతో పని లేదు, ఒకటి ఏకవచనం, రెండవది బహువచనం. యోహాను సువార్త మూడవ అధ్యాయంలో యేసు నీకొదేముతో, మీరు కొత్తగా జన్మించాలని నీతో చెప్పినందుకు ఆశ్చర్యపడకు అంటాడు. ఒక్కడితో మాట్లాడుతూ, అతని వెనుక ఉన్న అందరికీ వర్తించే మాట చెబుతున్నాడు. 1611 నాటి వాక్యంలో ఆ తేడా ఉంది, మన తెలుగు బైబిలులోనూ నీకు, మీకు తేడా స్పష్టంగా ఉంది. కొత్త ఇంగ్లీషు వాక్యంలో మాత్రం అది వినబడదు. మీరు చెప్పిన ఆ వృద్ధురాలికి ఇది కూడా అందాలి కదా? ఏ మాటను మార్చవచ్చో, దేనిని ముట్టకూడదో ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి తేల్చుకునే పక్షంలో మీ ప్రతిపాదనకు నేను ఒప్పుకుంటాను.