ఐరీన్ గలిట్‌జిన్ పలాజో కట్ గురించి తెలిసినవాళ్లు చెప్పరూ

నమస్కారమండీ. ఇంట్లోనే బట్టలు కుడతాను, ఈమధ్య సగం పలాజోలే (వెడల్పు కాళ్ల వదులు ప్యాంట్లు). అవెక్కడ పుట్టాయా అని వెతికితే ఐరీన్ గలిట్‌జిన్ అనే ఫ్యాషన్ డిజైనర్ కనిపించింది. 1916లో టిఫ్లిస్‌లో (ఇప్పటి జార్జియాలోని టిబిలిసి) పుట్టిన రష్యన్ యువరాణి, లిథువేనియా పాలకుడు గెడిమినాస్ వంశం. విప్లవం వల్ల పసితనంలోనే దేశం విడిచి రోమ్ చేరింది. అక్కడి ఫ్యాషన్ డిజైనర్లు ఫోంటానా అక్కచెల్లెళ్ల దగ్గర పనిచేసి, సొంత దుకాణం పెట్టి, 1960లో పట్టు పలాజో పైజామా చూపించింది. తర్వాత ఆత్మకథా రాసింది. ఎంత ధైర్యం!

అలాంటిదే అమ్మాయికి కుడదామని ధర్మవరం పట్టు కత్తిరించాను. తొడల దగ్గర బుట్టలా ఉబ్బి నిలబడింది, జారలేదు. ఏ పట్టు తీసుకోవాలి? క్రాస్‌లో, అంటే బట్టను ఏటవాలుగా, కత్తిరించాలా? లైనింగ్ వెయ్యాలా? ఆమె ఆత్మకథ ఇంగ్లిష్‌లో దొరుకుతుందా? దయచేసి చెప్పండి, పెళ్లి దగ్గరపడింది.