పెద్దవాళ్ల కేసంటే మనం ఎందుకు ముఖం తిప్పుకుంటాం?

వైజాగ్_హౌస్‌సర్జన్:
మొన్న భీమిలి వైపు నుంచి 78 ఏళ్ల తాతగారిని తీసుకొచ్చారు, రెండు రోజులుగా ఎవరినీ పోల్చుకోవడం లేదు, ఏదేదో మాట్లాడుతున్నారు. మా సీనియర్ "వయసు, ఇంకేముంది" అనేసి పక్క బెడ్‌కి వెళ్లిపోయాడు, నేనూ కేస్ షీట్‌లో అదే రాశాను. సాయంత్రం సిస్టర్ చెబితే యూరిన్ పరీక్షకి పంపాం, ఇన్‌ఫెక్షన్. మందులు పడ్డాక నాలుగో రోజు కొడుకుని పేరు పెట్టి పిలిచారు. చేరిన రోజు నేను ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు, అన్నీ కొడుకునే అడిగాను. మీకూ ఇలా జరిగిందా?

నర్సింగ్_ట్యూటర్:
అది డెలీరియం నాన్నా, అంటే ఒంట్లో ఏదో జబ్బు వల్ల ఉన్నట్టుండి మనసు గందరగోళమైపోవడం. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది, ఇది గంటల్లో రోజుల్లో వస్తుంది. అందుకే "పోయిన వారం ఎలా ఉన్నారు?" అని ఇంట్లోవాళ్లని తప్పకుండా అడగాలి. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు కూడా. అయినా తప్పు మీది కాదు, మాది. ఫస్టియర్‌లో మామ్మలతో కబుర్లు చెప్పే పిల్లలే మూడో ఏడాదికి "ఆ బెడ్ నాకొద్దు మేడం" అంటున్నారు, మేం "ఏడో నంబర్ ముసలావిడ" అనడం విని కదా! అమెరికాలో రాబర్ట్ బట్లర్ అనే డాక్టర్ 1969లోనే ఇలా వయసు చూసి మనుషుల్ని చిన్నచూపు చూడటానికి ఏజిజం అని పేరు పెట్టారు, తన చదువు రోజుల్లో పాఠాలు చెప్పేవాళ్లే వృద్ధుల్ని చులకన చేయడం చూసి బాధపడిన మనిషి ఆయన.

గాజువాక_కూతురు:
మా అమ్మకి 81, చెవులు సరిగా వినబడవు. ఇంట్లో రెండుసార్లు పడిపోతే ముగ్గురు డాక్టర్లు "ఈ వయసులో మామూలే" అన్నారు. నాలుగోసారి ఆసుపత్రికి వెళితే పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మాయి ఎదురుగా కుర్చీ వేసుకుని, అరవకుండా, నెమ్మదిగా మాట్లాడి మాత్రల సంచీ మొత్తం మంచం మీద పోయించింది. 11 రకాలు! బీపీ మాత్ర ఒకటే రెండు కంపెనీల పేర్లతో వేసుకుంటోంది, పైగా నిద్రమాత్ర. వాళ్ల సార్‌ని అడిగి తగ్గించాక మళ్లీ పడలేదు.

ఫైనల్_ఇయర్:
నిజమే కానీ ఓపీలో బయట లైన్ కదలకపోతే ఎంత టెన్షనో చెప్పలేను. ఒక తాతగారి హిస్టరీకి, అంటే జబ్బు వివరాలన్నీ అడిగి రాసుకోవడానికి, అరగంట పడుతుంది, ఆ అరగంట మాకెవరిస్తారు?

వైజాగ్_హౌస్‌సర్జన్:
ఈరోజు డ్యూటీ అయ్యాక ఆ తాతగారి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, పది నిమిషాలే. చేరడానికి వారం ముందు నుంచే మూత్రంలో మంటగా ఉందట, కోడలి ముందు చెప్పడానికి సిగ్గేసిందట.