డాల్ అయింది, తర్వాత ఏది? స్టోన్, సొనోరా డెజర్ట్, పామీర్ మార్కోపోలో: ముందు ఏది బుక్ చెయ్యాలి

డల్లాస్_రాజు

అందరికీ నమస్కారం. వయసు 52, గ్రీన్ కార్డు, ఉండేది డల్లాస్. అడవి గొర్రెల వేట నా పిచ్చి. అలాస్కాలో డాల్ రకం పొట్టేలు అయింది. తర్వాతి వేటకు ఖర్చులన్నీ కలిపి 70 వేల డాలర్ల దాకా పెట్టగలను. రెండేళ్లు ఆగమన్నా ఇబ్బంది లేదు. నా చేతిలో ఉన్న కొటేషన్లు ఇవి, మూడూ అడవి గొర్రెల్లో రకాలే:

కెనడాలో ఉత్తర బ్రిటిష్ కొలంబియా (బీసీ)లో స్టోన్, గుర్రాల మీద 14 రోజులు, 62 వేలు. మెక్సికోలోని సొనోరాలో డెజర్ట్ బిగ్‌హార్న్, 10 రోజులు, 58 వేలు. తజికిస్తాన్ పామీర్‌లో మార్కోపోలో, 10 రోజులు, 44 వేలు.

మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు కొంచెం నొప్పి పెడుతుంది, ఎక్కేటప్పుడు ఏమీ లేదు. రైఫిల్ 300 విన్ మ్యాగ్ (300 వించెస్టర్ మ్యాగ్నమ్) తూటాది. ఉత్తర అమెరికా అడవి గొర్రెలు నాలుగు రకాలూ పూర్తి చేసి గ్రాండ్ స్లామ్ కొట్టాలన్న పంతం లేదు, కానీ ఆ తలుపు మూసుకోవాలనీ లేదు. ఏది ముందు? కొటేషన్‌లో కనబడని ఖర్చులు ఎక్కడ దాక్కుంటాయి?

కాసియార్_గాలి

రాజు గారూ, నా ఓటు స్టోన్‌కే. మూడింట్లో అది గొప్పదని కాదు, ఆగే కొద్దీ మీ చెయ్యి దాటిపోయేది అదొక్కటే. స్టోన్ గొర్రె ఉండేది ఉత్తర బీసీలో, దక్షిణ యుకాన్‌లో కొంతమేర, అంతే. బీసీలో కెనడా వాళ్లు కానివాళ్లకు ఒక్కో టెరిటరీలో (కేటాయించిన వేట ప్రాంతంలో) గైడింగ్ హక్కు, వేట నడిపించే లైసెన్సున్న ఒక్క ఔట్‌ఫిట్టర్‌కే ఉంటుంది, కోటా ప్రభుత్వం చేతిలో. సరుకు పెరగదు, గిరాకీ తగ్గదు, ధర ఏటా పైకే. పైగా ఒంటికి అన్నిటికంటే కష్టమైనది కూడా ఇదే. మోకాలు ఇంకా మాట వింటున్నప్పుడే వెళ్లాలి. సొనోరా 65 ఏళ్లకైనా చెయ్యొచ్చు.

గుర్రం ఉంది కదా, మోకాలికి సుఖం అనుకోకండి. జీను మీద ఆరేడు గంటలు మోకాలు మడిచి కూర్చుంటే దిగాక అడుగు తీసి అడుగు వెయ్యలేరు. మొదటి రోజే రికాబులు ఒకటి రెండు రంధ్రాలు కిందికి దించమనండి. నిటారు దిగుళ్లలో గుర్రం దిగి, రెండు చేతి కర్రలతో నడవండి. డల్లాస్‌లో కొండలు లేవు కాబట్టి దిగడమే సాధన చెయ్యాలి: 20 సెంటీమీటర్ల పెట్టె మీది నుంచి ఒంటికాలితో నెమ్మదిగా కిందికి, కాలికి 15 చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మొదటి నెల ఖాళీ వీపుతో, తర్వాత 10 కేజీలు, చివరికి 20. పార్కింగ్ గ్యారేజీ మెట్లు లిఫ్టులో ఎక్కి నడిచి దిగండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక అసలు చిక్కు పొట్టేలు చట్టబద్ధమా కాదా అన్నది. బీసీలో ఫుల్ కర్ల్ అన్నా ఉండాలి, లేదా కొమ్ము మీది ఏడాది గీతలు లెక్కిస్తే 8 ఏళ్లన్నా నిండాలి. ఫుల్ కర్ల్ అంటే తలను సరిగ్గా పక్క నుంచి చూసినప్పుడు కొమ్ము కొస ముక్కు గీతను దాటి పైకి రావడం. తల కొంచెం అటు తిరిగినా, మీరు కింది నుంచి చూస్తున్నా, కొస దాటినట్టే భ్రమ కలుగుతుంది. గీతల్లోనూ మోసముంది. నిజమైన గీత లోతుగా, నల్లగా, కొమ్ము చుట్టూ తిరుగుతుంది. ఉత్త ముడత సగంలో ఆగిపోతుంది. కొస అరిగిన పొట్టేలుకు పిల్లప్పటి గీత పోయి ఉంటుంది, అప్పుడు లెక్క ఒకటి తగ్గుతుంది. ఎక్కువ లెక్క వచ్చేది మాత్రం ముడతల్ని గీతలనుకుంటేనే, కొంప మునిగేదీ అక్కడే. వయసు తక్కువ తేలితే కొమ్ములు ప్రభుత్వానికి, కేసు మీకు. గైడ్ "కొట్టు" అన్నాడన్నది అక్కడ చెల్లదు. కాబట్టి స్కోపులో మీరూ లెక్కపెట్టండి. ఇద్దరి లెక్కా కలవకపోతే వదిలెయ్యండి.

వర్షం, పొగమంచు గురించి అలాస్కాలో మీరు చూసే ఉంటారు, ఇక్కడా అంతే. 14 రోజుల్లో నాలుగైదు డేరాలోనే గడుస్తాయని ముందే లెక్కేసుకోండి. 10 రోజుల స్టోన్ వేట చవగ్గా వస్తుందని ఎవరన్నా ఆశ పెడితే ఒప్పుకోకండి.

పామీర్_బాట

కాసియార్ గారి వాదన కాదనను. కానీ పామీర్‌ను "జీపు వేట, తేలిక" అని కొట్టిపారేసేవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

జీపు వేటే, నిజమే. పాత రష్యన్ వాజ్ జీపులో లోయ నోటి దాకా వెళ్లి స్కోపుతో వెతుకుతారు. మోకాలికి మూడింట్లో తేలికైనది ఇదే కావొచ్చు. కానీ క్యాంపే 4,000 మీటర్ల పైన ఉంటుంది, ఊపిరి దగ్గర లెక్క తేలుతుంది. బయలుదేరే చోటు, కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ ఊరు, సుమారు 1,000 మీటర్లు. అక్కడి నుంచి ఒక్క రోజులో 4,280 మీటర్ల కిజిల్-ఆర్ట్ కనుమ దాటించి క్యాంపులో పడేస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి, అవి వద్దు. 3,170 మీటర్ల దగ్గర సారీ-తాష్‌లో ఒక రాత్రి, 3,600 పైన ముర్గాబ్‌లో ఇంకో రాత్రి ఉండేలా ముందే రాయించుకోండి. ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌ను అడగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురగ కనబడినా, నడక తూలినా వేట ఆపి ఆ రాత్రే కిందికి దిగాలి. హెలికాప్టర్ వస్తుందనే ఆశతో అక్కడే కూర్చోకూడదు.

తుపాకీ మాట. డల్లాస్‌లో జీరో చేసిన (గురి సరిచేసిన) రైఫిల్ ఆ ఎత్తులో గాలి పలచన కావడంతో పైకి కొడుతుంది. 300 విన్ మ్యాగ్‌లో 400 మీటర్ల దగ్గర ఇంచుమించు నాలుగు వేళ్ల తేడా, 500 దగ్గర అంతకు రెట్టింపు దాకా. క్యాంపు చేరిన రోజే 100, 300, 400 మీటర్లలో కాల్చి చూసుకోండి. అక్కడ 300 మీటర్ల లోపు అవకాశం దొరికితే అదృష్టమే. దానికి తోడు వాలు: 35 డిగ్రీల వాలులో రేంజ్‌ఫైండర్ 350 చూపిస్తే తూటాకు అది సుమారు 287 మీటర్లే. కోణం సరిదిద్దే రేంజ్‌ఫైండర్ లేకపోతే ఆ పట్టిక అట్ట మీద రాసి తుపాకీ మడమకు (స్టాకుకు) అంటించుకోండి. నవంబర్, డిసెంబర్‌లో చలి మైనస్ 20 దాటుతుంది, బ్యాటరీలు లోపలి జేబులోనే ఉండాలి.

కాగితాలు ఇక్కడే ఎక్కువ. మార్కోపోలో అర్గలి జాతిదే, అర్గలి సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అమెరికా చట్టంలో తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, మంగోలియా అర్గలికి ముప్పున్న జాతి హోదా ఉంది కాబట్టి అమెరికా వన్యప్రాణి శాఖ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ దిగుమతి పర్మిట్ విడిగా కావాలి, ఫారం 3-200-20. నెలలు పడుతుంది. పర్మిట్ చేతికి రాకముందే కొమ్ములు బయలుదేరితే సరిహద్దులో పోయినట్టే. తజికిస్తాన్ గాలికుంటు వ్యాధి ఉన్న దేశం, అందుకని శుద్ధి చెయ్యని తోలు వ్యవసాయ శాఖ ఆమోదించిన టాక్సిడెర్మిస్ట్ (జంతువుల తోలు శుద్ధి చేసి నింపేవాడు) దగ్గరికే నేరుగా వెళ్లాలి. వీసాలో చిన్న ఉచ్చు: కిర్గిజ్ మీదుగా వెళ్లి అటే తిరిగొస్తారు కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుకు కిర్గిజ్ వీసా తీసుకునేటప్పుడు రెండు ప్రవేశాలది అడగాలి. తజిక్ ఈ-వీసాకు అప్లై చేసేటప్పుడే పామీర్ ప్రాంతపు పర్మిట్‌కు కూడా టిక్కు పెట్టాలి. ఆ రెండు దేశాల సరిహద్దు 2025 మార్చి ఒప్పందంతో తెరిచారు. అయినా తజిక్ రాజధాని దుషాన్‌బే నుంచి ఖోరోగ్ మీదుగా వచ్చే దారి గురించి కూడా ఔట్‌ఫిట్టర్‌ను అడిగి పెట్టుకోండి.

ఇవన్నీ కలిపితే 44 వేలది 55 వేల దగ్గర తేలుతుంది.

సాగువారో

సొనోరా కొటేషన్ చూడగానే ఒక్క ప్రశ్న: కంచె ఉందా, లేదా? మెక్సికోలో ట్యాగులు (ఒక్కో జంతువును కొట్టే అనుమతులు) ఉమా అనే నమోదైన భూములకు ఇస్తారు. వాటిలో కొన్ని ఎత్తు కంచె వేసి గొర్రెల్ని పెంచేవి. తప్పని అనను, ధరను బట్టి ఎవరిష్టం వాళ్లది. కానీ తప్పించుకోలేని కంచెలో కొట్టిన పొట్టేలును బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు (పెద్ద కొమ్ముల లెక్కలు నమోదు చేసే అమెరికా సంస్థ) రికార్డుల్లోకి తీసుకోదు. 58 వేలు కంచె లేని కొండ ధర అనిపించడం లేదు, అడుగున ఉంది. "కంచె లేదు, ఆ కొండలోనే పుట్టి పెరిగిన మంద" అని మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

కంచె గొడవ లేకుండా కావాలంటే సొనోరా తీరంలో టిబురాన్ ద్వీపం ఉంది. 1975లో 20 గొర్రెల్ని తెచ్చి వదిలితే పెరిగిన మంద అది. సేరీ తెగవాళ్ల భూమి, పర్మిట్ డబ్బు వాళ్లకు వెళ్తుంది. ధర మాత్రం మీ బడ్జెట్‌లో పట్టదు.

రైఫిల్ తీసుకెళ్లొద్దు, అద్దెకు తీసుకోండి. మెక్సికోలో సైనిక పర్మిట్ లేకుండా కారు సీటు కింద మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా జైలుకు పోవచ్చు. డెజర్ట్ కొండలు ఎత్తు తక్కువ, కానీ రాయి జారుతుంది, చోయా (ఒక రకం కాక్టస్) ముళ్లు బూటు పక్క గుడ్డలోంచి దిగుతాయి. తోలు బూట్లు, మోకాలి దాకా గేటర్లు (కాలి తొడుగులు), ఒక దువ్వెన, పట్టకారు. చోయా గుత్తిని చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది, దువ్వెన పళ్లు కిందికి దూర్చి ఒక్కసారి ఎగరగొట్టాలి.

ఓరుగల్లు_శ్రీను

అన్నా, గీ లక్షల డాలర్ల ముచ్చటల నాదొక చిన్న ప్రశ్న. నేను హెచ్1బి మీదున్న, ఆస్టిన్ల ఉంట. మనోళ్లకు దగ్గర నేపాల్ ధోర్‌పటాన్ల నీలిగొర్రె చవక అంటున్నరు గదా? కొమ్ములు హైదరాబాద్ ఇంట్ల పెట్టుకోవచ్చా?

కాసియార్_గాలి

శ్రీనూ, కొమ్ముల మాట మర్చిపో. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం, నీలిగొర్రె మొదటి షెడ్యూల్లో ఉంది. బయట చట్టబద్ధంగా కొట్టినా సరైన పర్మిట్లు లేకుండా తెస్తే కస్టమ్స్‌లోనే కేసవుతుంది. ధోర్‌పటాన్ మాత్రం నిజమైన చోటే, నేపాల్‌లో వేటకు అనుమతి ఉన్న ఒకే ఒక్క రిజర్వు, 1,325 చదరపు కిలోమీటర్లు. వసంతంలో, శరదృతువులో సీజన్లు. జీపు లేదు, అంతా నడకే, 4,000 మీటర్ల పైన డేరాలు.

హెచ్1బికి అసలు సంగతి వేరే. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు. టెక్సాస్ లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు రేంజ్‌కు వెళ్లినా చిక్కే. దేశం బయటికి సొంత తుపాకీ తీసుకెళ్లి తేవాలంటే ఎగుమతి నిబంధన ఒకటి, అమెరికా తుపాకుల శాఖ ఏటీఎఫ్ ఫారం 6ఎన్ఐఏ ఇంకొకటి. ఆ తలనొప్పి వద్దు, ఎక్కడికెళ్లినా అద్దె తుపాకీతో కానివ్వు. రాజు గారిది గ్రీన్ కార్డు కాబట్టి ఈ బాధ లేదు.

డల్లాస్_రాజు

అందరికీ ధన్యవాదాలు. సొనోరా వాళ్లకు కంచె గురించి మెయిల్ పెట్టాను. జవాబులో "హై క్వాలిటీ రాంచ్" అని తప్ప అవునో కాదో లేదు. దాన్ని పక్కన పెట్టేశా. స్టోన్ వైపే మొగ్గుతున్నా. ఆగస్టు మొదటి వారమా, సెప్టెంబర్ రెండో వారమా? ఒప్పందం ఇవాళ వచ్చింది, సగం డబ్బు ముందు కట్టమంటున్నారు.

కాసియార్_గాలి

సెప్టెంబర్. ఆగస్టు మొదట్లో పగలు పొడుగు, ఇంకా తుపాకీ మోత వినని పొట్టేళ్లు దొరుకుతాయి, నిజమే. కానీ తోలు మీద వెంట్రుక పొట్టిగా ఉంటుంది, ఎండకు మాంసం పాడవుతుంది, జోరీగలు గుర్రాల్ని నిలవనివ్వవు. సెప్టెంబర్‌లో మంచు పడే ప్రమాదం ఉంది, దానికి 14 రోజులున్నాయి కదా. ఆ టెరిటరీలో ఆగస్టులోనే కోటా అయిపోతుందేమో మాత్రం అడగండి. మీ ట్యాగు మీ పేరున పక్కన పెడతారా, లేక ముందొచ్చినవాళ్లు కొట్టేస్తే "వచ్చే ఏడు రండి" అంటారా, అది రాతలో ఉండాలి.

సంతకానికి ముందు ఇంకా కొన్ని చూడండి. 14 రోజులంటే వేట రోజులా, రాకపోకలు కలిపా? చార్టర్ విమానం లోపలా, విడిగానా? లైసెన్సు, 5 శాతం జీఎస్టీ విడిగా ఉంటాయి. గైడ్ టిప్పు 10 శాతం లెక్కేస్తే అదే ఆరు వేలు. గాయపడి పారిపోయిన పొట్టేలును కొట్టినట్టే లెక్కిస్తారు, దాని మీద బేరం ఉండదు. ప్రభుత్వం కోటా కోసేస్తే, అడవి మంటలకు దారి మూస్తే, ఔట్‌ఫిట్టర్ టెరిటరీ అమ్మేస్తే మీ అడ్వాన్సు ఏమవుతుందో ఒక్కో వాక్యం రాయించుకోండి. రద్దు బీమా తీసుకుంటే మొదటి డబ్బు కట్టిన 14 రోజుల్లోపే తీసుకోండి. ఆలస్యమైతే చాలా పాలసీలు పాత జబ్బులకు వర్తించవు, మీకు మోకాలి నొప్పి ఉంది.

రెఫరెన్సులు అడిగితే ఫోటోలో నవ్వుతున్నవాళ్ల నంబర్లే ఇస్తారు. పోయిన మూడేళ్లలో ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లలో ఇద్దరి నంబర్లు అడగండి. వాళ్లను ఒకటే అడగండి: గైడ్ చివరి రోజు ఎన్నింటికి లేచాడు? పొట్టేళ్ల సగటు వయసు కూడా అడగండి. పదేళ్లకు అటూ ఇటూ చెబితే మంద బాగుంది, అందరూ ఎనిమిది దగ్గరే కొడుతుంటే అంచున నడుస్తున్నారని.

తుపాకీకి: అమెరికా దాటేముందు కస్టమ్స్ దగ్గర 4457 కాగితం (తుపాకీ మీదేనని నమోదు), కెనడాలో మొదట దిగే చోట 5589 డిక్లరేషన్, 25 కెనడా డాలర్లు, 60 రోజులు చెల్లుతుంది. ఇంట్లో నింపండి కానీ సంతకం అధికారి ముందే పెట్టాలి. వాంకూవర్‌లో కనెక్షన్‌కు నాలుగు గంటలన్నా ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు స్టోన్‌కు సైట్స్ గొడవ లేదు. బీసీలో తప్పనిసరి తనిఖీ చేయించి కొమ్ములో నంబరు ప్లగ్ వేయించుకుని, ఎగుమతి పర్మిట్ తీసుకుని, అమెరికా వైపు వన్యప్రాణి దిగుమతి డిక్లరేషన్ 3-177 నింపితే కొమ్ములు మీతో పాటే విమానం ఎక్కుతాయి. తనిఖీకి తల తీసుకెళ్లేది మీరా, ఔట్‌ఫిట్టరా అన్నది కూడా అడగండి. శనివారం కొండ దిగితే తనిఖీ ఆఫీసు సోమవారం దాకా తెరవరు.

పామీర్_బాట

రాజు గారూ, ఒప్పందంలో సంతకం చేసే పేరు, డబ్బు వెళ్లే ఖాతా పేరు, బీసీ గైడ్ ఔట్‌ఫిట్టర్ లైసెన్సు మీది పేరు, మూడూ ఒకటేనా చూడండి. మధ్యలో ఏజెంటు ఖాతా ఉంటే, డబ్బు ముట్టినట్టు ఔట్‌ఫిట్టర్ నుంచి నేరుగా రసీదు వచ్చేదాకా రెండో విడత కట్టకండి.