అమెరికా అంతర్యుద్ధం: రాష్ట్రాల హక్కుల కోసమా, పశ్చిమ భూముల్లో బానిసత్వం కోసమా?

తీరాంధ్ర పాఠకుడు

అంతర్యుద్ధానికి బానిసత్వమే కారణమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కానీ 1861 మార్చిలో అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన రోజునే లింకన్, బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి పోయే ఉద్దేశం తనకు లేదని ప్రకటించారు. పైగా దక్షిణాదిలో ఎక్కువ శ్వేతజాతి కుటుంబాలకు బానిసలే లేరు. అటువంటప్పుడు వారు పోరాడింది తమ రాష్ట్రాల హక్కుల కోసమని ఎందుకు అనుకోకూడదు? ఈ విషయాలు తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

చరిత్ర ఉపాధ్యాయిని

మీరు చెప్పిన రెండూ నిజమే. అయితే లింకన్ హామీ ఇచ్చింది అప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాలకు మాత్రమే. పశ్చిమాన ఇంకా రాష్ట్ర హోదా పొందని టెరిటరీలకు కాదు. అసలు తగవంతా అక్కడే ఉంది. 1820 నాటి మిస్సోరీ రాజీ పశ్చిమ టెరిటరీల్లో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశ రేఖకు ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. ఆ రేఖను పశ్చిమానికి పొడిగించి, దానికి దక్షిణాన ఉన్న టెరిటరీల్లో బానిసత్వానికి రక్షణ కల్పిద్దామని 1860 డిసెంబరులో సెనేటర్ క్రిటెండెన్ ప్రతిపాదించినప్పుడు, లింకన్ బానిసత్వ విస్తరణ విషయంలో ఏ మాత్రమూ తగ్గవద్దని తన పక్షం వారికి లేఖలు రాశారు. ఉన్నచోట బానిసత్వాన్ని కాపాడే రాజ్యాంగ సవరణకు అభ్యంతరం చెప్పని మనిషి, కొత్త భూమి దగ్గరకు వచ్చేసరికి కదలలేదు.

దక్షిణాది కూడా అక్కడే పట్టుబట్టింది. 1850లో కాలిఫోర్నియా బానిసత్వం లేని రాష్ట్రంగా చేరడంతో సెనేట్‌లో ఇరుపక్షాల సమతూకం పోయింది. 1854లో సెనేటర్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్-నెబ్రాస్కా చట్టం మిస్సోరీ రాజీని రద్దు చేసి, బానిసత్వం ఉండాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆ టెరిటరీల నివాసులకే వదిలేసింది. మరుసటి ఏడాది కాన్సాస్ ఎన్నికల్లో మిస్సోరీ నుంచి సరిహద్దు దాటి వచ్చినవారు ఓట్లు వేయగా, పోలైన ఓట్లు ఓటర్ల సంఖ్యకు రెట్టింపు దాటాయి.

ఇక రాష్ట్రాల హక్కుల సంగతి. పారిపోయిన బానిసల గురించి 1850లో వచ్చిన కేంద్ర చట్టం, పట్టుబడిన వ్యక్తికి జ్యూరీ విచారణే లేకుండా చేసింది. ఆ వ్యక్తిని యజమానికి అప్పగిస్తే విచారణాధికారికి 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి. ఆ చట్టం చెల్లదని విస్కాన్సిన్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అంటే అక్కడ రాష్ట్ర హక్కును వినియోగించుకున్నది ఉత్తరాది. ఉత్తరాది రాష్ట్రాలు ఆ చట్టాన్ని అమలు చేయడం లేదన్నదే సౌత్ కరోలినా తన విడిపోయే ప్రకటనలో చేసిన ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి. ఆ తర్వాత విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరసీ రాసుకున్న రాజ్యాంగం, తాను సంపాదించబోయే టెరిటరీలన్నిటిలోనూ బానిసత్వాన్ని గుర్తించి తీరాలని శాసించింది. రాష్ట్రాల హక్కులే ప్రాణమైతే ఆ నిర్ణయాన్ని స్థానికులకు ఎందుకు వదిలేయలేదు?

ఎమ్మే విద్యార్థి

ఉపాధ్యాయిని గారూ, ఒక సందేహం. ఆ ఎండు భూముల్లో పత్తి తోటలు సాగవని 1850లోనే వెబ్‌స్టర్ సెనేట్‌లో వాదించారు. న్యూ మెక్సికోలో బానిసలు చాలా కొద్దిమందే. బానిసత్వం వెళ్లలేని నేల కోసం ఇరుపక్షాలూ మంకుపట్టు పట్టి లక్షల ప్రాణాలు బలిచ్చాయని అనవచ్చు కదా?

చరిత్ర ఉపాధ్యాయిని

వెళ్లలేదని అనలేము. టెక్సాస్‌లో 1850లో సుమారు 58 వేల మంది బానిసలు ఉండగా 1860 నాటికి ఆ సంఖ్య 1,82,000 దాటింది. న్యూ మెక్సికో శాసనసభ 1859లో బానిసత్వాన్ని రక్షించే చట్టమే చేసింది. యుద్ధం మొదలైన ఏడాది లోపే కాన్ఫెడరసీ సేనాని సిబ్లీ టెక్సాస్ నుంచి న్యూ మెక్సికో మీదికి దండెత్తారు. 1862 మార్చిలో గ్లోరియెటా కనుమ వద్ద ఆ దండయాత్రకు అడ్డుకట్ట పడింది. ఏ ఆశా లేని నేల కోసం ఎవరూ సైన్యాన్ని ఎడారిలో నడిపించరు.

విశ్రాంత గ్రంథపాలకుడు

ఈ చర్చలో ఆ భూమి ఎవరిదన్న ప్రశ్న ఇంతవరకూ రాకపోవడం నన్ను బాధిస్తోంది. బానిసత్వం లేని నేల కావాలన్న ఉత్తరాది వారిలో చాలామంది కోరింది శ్వేతజాతి రైతుల నేలనే. 1857లో ఆరెగాన్ ఓటర్లు బానిసత్వాన్ని తిరస్కరిస్తూనే, నల్లజాతివారు అక్కడ స్థిరపడరాదని రాజ్యాంగంలో రాసుకున్నారు. దక్షిణాది సభ్యులు కాంగ్రెస్‌ను వీడాక 1862 మేలో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి, ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు దక్కే దారి ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరు 26న మిన్నెసోటాలోని మాంకేటోలో ఆదివాసులైన డకోటా తెగకు చెందిన 38 మంది పురుషులను ఒకేసారి ఉరి తీశారు. 1864లో శాండ్ క్రీక్ వద్ద షయెన్, అరపాహో ఆదివాసీ తెగల ప్రజలను ఊచకోత కోసింది కూడా కేంద్ర ప్రభుత్వ పక్షపు సైనికులే.

చరిత్ర ఉపాధ్యాయిని

ఆ మాట చెప్పి తీరవలసిందే. ఉత్తరాది చేతులు శుభ్రంగా ఉన్నాయని నేను వాదించను. దక్షిణాది ఎందుకు విడిపోయిందన్న ప్రశ్నకు మాత్రం దానివల్ల జవాబు మారదు.

మొదటి ప్రశ్న వేసిన మిత్రునికి ఒక సంగతి చెప్పాలి. లింకన్ హామీని తలకిందులు చేసినవారిలో ముందు నిలిచింది బానిసలే. 1861 మేలో వర్జీనియాలో ముగ్గురు వ్యక్తులు కాన్ఫెడరసీ పనుల నుంచి తప్పించుకుని మన్రో కోటకు చేరారు. అక్కడి కేంద్ర సైన్యాధికారి జనరల్ బట్లర్ వారిని తిరిగి అప్పగించడానికి నిరాకరించారు. వారి వెనుక వందలు, ఆపై వేలమంది కేంద్ర సైన్యపు స్థావరాలకు నడిచివచ్చారు. యుద్ధం ముగిసేసరికి ఆ సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పనిచేశారు.