అప్‌డేట్: సెస్రియెమ్ నుంచి స్వాకోప్‌ముండ్, ఒక్క రోజులో

నమీబియాలో ఎడారి ఇసుక దిబ్బల దగ్గరున్న సెస్రియెమ్ నుంచి తీర పట్టణం స్వాకోప్‌ముండ్‌కి ఇద్దరం కారులో ఒకే రోజులో వెళ్లగలమా అని అడిగాను కదా, హాయిగా వెళ్లొచ్చు. దాదాపు 350 కి.మీ. దారి, చాలావరకు కంకర రోడ్డే. ఆగుతూ వెళ్తే ఆరేడు గంటలు పడుతుంది, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. చీకటి పడ్డాక నడపొద్దు, జంతువులు రోడ్డు మీదికి వస్తాయి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి చూసి, అద్దె సంస్థ ఒప్పుకుంటే కాస్త తగ్గించండి. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి. అలలు అలలుగా గట్టిపడిన కంకర మీద టైరు పట్టు వదిలేస్తుంది. మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు పక్కకి జారతాయి. బ్రేకు మలుపుకి ముందే వేయాలి, వేగం గంటకు 80 కి.మీ. దాటకూడదు. ఎదురుగా బండి వస్తే ఎడమకి జరిగి నెమ్మదించండి, రాళ్లు ఎగిరి అద్దం పగిలేది అప్పుడే.

దారిలో వచ్చే చిన్న ఊరు సాలిటైర్‌లో ట్యాంకు నింపుకోండి. అక్కణ్నుంచి స్వాకోప్‌ముండ్‌కి ముందొచ్చే రేవు పట్టణం వాల్విస్ బే దాకా 230 కి.మీ. పైనే, మధ్యలో బంకు లేదు. నీళ్లూ ఎక్కువే పెట్టుకోండి. తీరం దగ్గర చల్లటి పొగమంచు ఉంటుంది, స్వెట్టర్లు సామాన్ల పైనే ఉంచుకోండి.