మజ్జిగలో మాత్ర కలిపి ఇస్తున్నాం, తమ్ముడు కనిపెట్టేశాడు

గోదారిగట్టు:
మా తమ్ముడికి 27. నాలుగేళ్ల కిందట స్కిజోఫ్రీనియా అన్నారు. "నాకేం రోగం లేదు" అని మాత్రలు మానేస్తాడు. దాంతో అమ్మ ఒలాంజపిన్ నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. మొన్న గ్లాసు అడుగున తెల్లటి పలుకు వాడి వేలికి తగిలింది. అమ్మ ముఖంలోకి చూశాడు, ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి ఇంట్లో వండింది ముట్టడు. బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చుకుని, అతుకు చూసుకుని మరీ చింపుతున్నాడు. అన్నంలో ఏదో పెడుతున్నారన్న అనుమానం వాడికి ముందే ఉంది. దాన్ని మేమే నిజం చేశాం. మీ ఇళ్లలో ఎలా గట్టెక్కారు?

వడ్లమిల్లు:
మా అత్తయ్య పప్పులో కలిపేవారు. బయటపడ్డాక మా ఆయన ఆర్నెల్లు నా చేతి వంట తినలేదు. ముందు అమ్మగారిని తప్పు ఒప్పుకోమనండి, సాకులు చెప్పకుండా. మేం గిన్నె మధ్యలో పెట్టుకుని అందరం అందులోంచే వడ్డించుకునేవాళ్లం, మొదటి ముద్ద నేను తినేదాన్ని. మీవాడికి ప్రస్తుతానికి అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు ఇవ్వండి, తొక్క తనే తీసుకుంటాడు.
తర్వాత డాక్టరుగారు నెలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి చెప్పారు. "రోజూ మాత్ర వేసుకున్నారా అని అడగడం నాకూ విసుగే" అన్నాను. ఆ మాటకి ఒప్పుకున్నారు. రోగం ఉందని ఇప్పటికీ ఒప్పుకోరు, సూదికి మాత్రం వస్తారు.

ఎర్రచెరువు:
నీతులు చెప్పడం తేలికండీ. మేం కలపకపోతే మా అన్న ఎప్పుడో ఇల్లు విడిచి పోయేవాడు. అంతకుముందు గాలి సోకిందని దర్గాలో మూడు అమావాస్యలు నిద్ర చేయించాం. దానికంటే ఇదే నయం.

నైట్‌డ్యూటీ:
నర్సుని. మీ కష్టం అర్థమవుతుంది. కానీ ఇదే జబ్బుకి ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవాళ్లు మాత్రం ఈ పని అస్సలు చేయకండి. రెండు రోజులకి మించి తప్పితే మళ్లీ చిన్న డోసు నుంచి మొదలుపెట్టాలి. సగం గ్లాసు పారబోస్తే లోపలికి ఎంత వెళ్లిందో ఎవరికి తెలుసు? పైగా తెల్లకణాలు పడిపోతున్నాయేమో చూడటానికి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. రక్తం ఎందుకు తీస్తున్నారని అడిగితే ఏం చెబుతారు?

పాతఫైలు:
ముదిరితే ఏం చేయాలో ఇప్పుడే చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కింద, తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం ఉంటే, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (తన తరఫున ఉండటానికి తనే పేరు రాసిచ్చిన మనిషి) దరఖాస్తు మీద 30 రోజుల వరకు ఆస్పత్రిలో చేర్చుకోవచ్చు. ఆ మనిషి ఎవరో తను బాగున్న రోజుల్లోనే రాయించుకోండి, తెల్లకాగితం మీద సంతకం చాలు. మావాడు నన్ను కాదని వాళ్ల పిన్ని పేరు రాశాడు. మనసు చివుక్కుమంది. తీరా ఎర్రగడ్డ తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు ఆవిడ పిలిస్తేనే ఆటో ఎక్కాడు. రాత్రిపూట ఏం తోచకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

గోదారిగట్టు:
నిన్న అమ్మ చెప్పేసింది. "తెలుసు" అన్నాడు, అంతే. ఇంజెక్షన్ మాట ఇంకా ఎత్తలేదు. ఇవాళ పొద్దున వాడే రెండు గుడ్లు ఉడకబెట్టుకున్నాడు. ఒకటి పెంకుతోనే అమ్మ పళ్లెంలో పెట్టి వెళ్లాడు.